నికర సర్వీసు

గుంటూరు ఎస్పీ ఆఫీసు, పెన్షన్ సెక్షన్,
మూడో బీరువా పక్క కుర్చీ నాది.
మనుషుల్ని ఆరేసి నెలల ముక్కలుగా కోసి
లెక్కపెట్టడం నా ఉద్యోగం.
ముక్కలు అరవై ఆరుంటే నిండు పెన్షన్.
చివర్లో మూడు నెలలు మిగిలితే అదీ ఒక ముక్కే,
మూడుకి ఒక్కరోజు తగ్గినా చెత్తబుట్టే.

యేసుపాదం, హెడ్ కానిస్టేబుల్, నెంబరు పదకొండు నలభై ఏడు,
టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.
కూర్చోమంటే బల్ల అంచున కూర్చున్నాడు
ఎవరో లేపుతారన్నట్టు.

పుట్టినతేదీ జూలై ఒకటి.
ఆ స్టేషన్లో సగంమందికి జూలై ఒకటే,
బడిలో మాష్టారి కలానికి అలవాటైన రోజు.
"మిరపకాయలు కల్లంలో ఉండగా కన్నానంది మా అమ్మ,
ఆకలికి ఏడ్చానో ఘాటుకి ఏడ్చానో తెలీదంది"
నవ్వాడు.
ఒకటో తారీఖున పుట్టినవాణ్ణి
రూలు ముందురోజే సాగనంపుతుంది.
జూన్ ముప్పైకే దిగిపోవాలి,
అరవై రెండు నిండకుండానే నిండినట్టు.

హోంగార్డుగా లాడ్జి సెంటర్లో నిలబడ్డ ఏడేళ్లు
లెక్కలోకి రావన్నాను.
"అప్పుడూ ఈ ఎండే కదమ్మా"
కిటికీలోంచి ఎండనే అడుగుతున్నట్టు అన్నాడు.

మిగిలింది ముప్పై రెండేళ్ల తొమ్మిది నెలల నాలుగు రోజులు.
వేళ్లమీద వేశాను, కాలిక్యులేటర్ మీద వేశాను.
అరవై ఆరు!
ఒడ్డున పడ్డాడనుకుంటుండగా
ఎస్సార్ నూట పన్నెండో పేజీలో ఎర్రసిరా:
అనుమతి లేని గైర్హాజరు. పదిహేడు రోజులు. డైస్ నాన్.
ఆ మాటకి నాకు తెలిసిన తెలుగు ఒక్కటే,
ఆ రోజులు తెల్లారలేదు.

నాలుగులోంచి పదిహేడు తీయబోతే
తొమ్మిదో నెల విరిగింది.
అరవై ఐదు.

"పదమూడు రోజులే తక్కువ" అన్నాను.
"ఒంట్లో బాలేదని ఓ అర్జీ రాయండి.
పాత సంగతి. సారు సంతకం పెడితే సెలవు కింద సర్దుతాం."
తెల్లకాగితం ఫ్యానుకి ఎగరకుండా
పెన్ను అడ్డం పెట్టి జరిపాను.

ముట్టుకోలేదు.
"ఒంట్లో బాగానే ఉందమ్మా.
మిర్చి యార్డులో బస్తాలు కుట్టాను.
బస్తాకి అర్ధరూపాయి."
"ఎందుకు?"
బల్లి కోసం వెతుకుతున్నట్టు సీలింగు చూశాడు.
"ఆ రాత్రి లాకప్ దగ్గర సెంట్రీని నేను."
అంతే.
ఏ రాత్రి అని అడగాల్సింది.
తేదీలు అడగడమే నా పని.
అడగలేదు.

పదిహేడు రోజులూ తుమ్మాడట.
"తుమ్ముల్లో ఏడుపు కలిసిపోద్దమ్మా, పక్కవాడికి తెలీదు.
పద్దెనిమిదో పొద్దున బియ్యం డబ్బా ఖాళీగా మోగింది.
బెల్టు తుడుచుకుని వెళ్లిపోయాను."

"అర్జీ రాస్తే నెలనెలా నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి,
మీ తర్వాత ఆవిడకీ" అన్నాను.
"కుట్టుకూలి పుచ్చుకున్నాను గదమ్మా,
ఒకే రోజుకి రెండుచోట్ల కూలి
ఎట్టా తీసుకునేది?"

అరవై ఐదు అని రాశాను, అంకెల్లో, అక్షరాల్లో.
పక్కన 'మాత్రమే' అని చేర్చాలి.
చేర్చాను.

ఎస్సార్ వెనకట్ట ఊడి వేలాడుతోంది,
ఎన్ని బదిలీలు మోసిందో.
నా సొరుగులో దబ్బనం, పురికొస చూసి
"ఇటివ్వండి" అన్నాడు.
వేలు తడిచేసుకుని కొస మెలిపెట్టి
మూడుచోట్ల పొడిచి లాగాడు,
చివర్న పళ్లతో బిగించాడు.

సాయంత్రం ఏజీ ఆఫీసుకి కట్ట పంపేముందు
లోపల ఓ కాగితం కుట్టాల్సి వచ్చి
ఆ ముడి విప్పబోయాను.
గోరు విరిగింది, ముడి రాలేదు.
కాగితం పైపైనే గుండుసూదితో గుచ్చి
పంపేశాను.